పదకొండు రాత్రుల లోకం

ఇక్కడ నా పేరు లోకం.
తెల్లబోర్డు మీద డాక్టర్ అన్న గడికి ఎదురుగా
నీలం మార్కర్‌తో అదే రాస్తారు.
సెలవులో ఉన్నవాళ్ళ కుర్చీలో కూర్చుని
లేచిపోయే మనిషని వాళ్ళ భాషలో అర్థం.
"లోకం వచ్చిందా?" ఫోన్‌లో ఎవరో.
"వచ్చింది, టీ తాగుతోంది," అంటుంది మెరిన్.
నా భాషలో నేను నవ్వుకుంటాను.

సిడ్నీ నుంచి ఏడు గంటల దారి.
కంగారూలు రోడ్డెక్కే వేళకి ముందే చేరుకోమని
ఏజెన్సీ వాళ్ళ మెయిలు.
గోధుమ చేల మధ్య పద్నాలుగు పడకలు,
ఎమర్జెన్సీలో నాలుగు. నాలుగోదాని తెర పూర్తిగా మూసుకోదు,
బట్టల క్లిప్పు పెడతారు.
మోటెల్ గది తొమ్మిదిలో హీటర్ వేస్తే కాలిన దుమ్ము వాసన.
లాకర్‌లో నాకు ముందటి లోకం వదిలేసిన
పుదీనా బిళ్ళలు, ఒంటి మేజోడు.

మొదటి రాత్రి
గొంతులో గొట్టం వేసే బ్లేడు కోసం చెయ్యి చాపితే
కట్టుగుడ్డలు తగిలాయి.
మెరిన్ కళ్ళతోనే చూపించింది: కింది అర, ఎడమవైపు.
ఇరవై ఆరేళ్ళుగా ఇక్కడే ఉంది.
వచ్చిపోయిన లోకాల్ని లెక్కపెట్టడం
తొంభై దగ్గర మానేసిందట.

గొర్రెల ఉన్ని కత్తిరించే కుర్రాడు, అరచెయ్యి చీలి;
కుట్లు వేసిన వేళ్ళకి తెల్లారేదాకా ఆ ఉన్ని జిడ్డు.
ముక్కులో ప్లాస్టిక్ పూస ఇరికించుకున్న పిల్ల.
అది తీశాక చెప్పింది, రెండోవైపూ ఉందని.
ఇక్కడివాళ్ళు "కాస్త నలత" అంటే
కుర్చీలోంచి వెంటనే లేవాలని
మూడో రాత్రి తెలిసింది.

లోకులు పలుగాకులని మన సామెత.
అంబులెన్స్ షెడ్డు మీద కాకులున్నాయి ఇక్కడ,
పసిపిల్లల్లా ఏడుస్తాయి.
లోకులు మాత్రం నన్నేమీ అనరు.
అనేంత కాలం నేనుండను.

తొమ్మిదో రాత్రి ఓజ్విన్ హేబరెక్ట్.
పొద్దుణ్ణించీ ఛాతీలో బరువు,
కంచె బాగుచేయడం పూర్తయ్యాకే బయలుదేరాడు.
తలుపు దగ్గరే పడిపోయాడు.
ఎన్నిసార్లు షాకిచ్చామో మెరిన్ రాసుకుంది, నాకు గుర్తులేదు.
గుండె తిరిగొచ్చింది. ఊపిరి మా చేతుల్లో.
తెర మీద నగరపు డాక్టరు: "పొగమంచు.
విమానం దిగలేదు. ఇంకో గంట."
ఇంకో గంట. మళ్ళీ ఇంకోటి.
ఉన్న ఒక్క వెంటిలేటరూ మొరాయిస్తే
మెరిన్ ఒక పాతిక నిమిషాలు, నేనొక పాతిక నిమిషాలు
ఆ సంచీని నొక్కుతూ.
లియోని, అతని భార్య, బూట్లకి ఇంకా పేడ,
"రేపు ఉంటావా?" అంది.
ఉంటానన్నాను.
"ఎల్లుండి?"
మానిటర్ వైపు చూశాను.

నాలుగూ నలభైకి విమానం.
రన్‌వే దీపాల దాకా స్ట్రెచర్ వెంట నడిచాను.
ఆ తర్వాత నా కథలో ఆయన లేడు.

పెద్దాసుపత్రికి ఫోన్ చేశాను.
"మీరు ఆయనకేమవుతారు?"
లోకాన్ని, అన్నాను.
ఆ సంబంధానికి వాళ్ళ దగ్గర గడి లేదు.

పన్నెండో పొద్దున
మెరిన్ స్వెట్టర్ చేత్తో బోర్డు తుడిచి
మళ్ళీ అదే మాట రాసింది.
దస్తూరీ కూడా మారలేదు.
వచ్చినతను నాకంటే చిన్నవాడు,
కారు దుమ్ము ఇంకా కనురెప్పల మీదే.
బ్లేడు కింది అర, ఎడమవైపు, అన్నాను.
పుదీనా బిళ్ళలు సగం మిగిల్చాను.
మేజోడు ముట్టుకోలేదు.

ఊరి చివర పెట్రోల్ బంకులో
కౌంటరు పిల్ల చిల్లర లెక్కపెడుతూ,
"నువ్వు ఆసుపత్రిలో కొత్త లోకానివి కదూ?"
పాతదాన్ని, అన్నాను.
ఓజ్ కుక్క వాళ్ళింట్లోనే ఉందట.
మూడు రోజులు గిన్నె వైపు చూడలేదట.
నిన్న సాయంత్రం మాత్రం
కాస్త తిన్నదట.